అగ్నివీరుడి గురించి చెప్పే మాట ముందు అతని ఎదుటే చెప్పండి: చారలు వేసుకున్న తమ్ముళ్లకు ఒక బహిరంగ లేఖ

భారత సైన్యంలో లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్ హోదాల్లో పనిచేస్తున్న తెలుగు తమ్ముళ్లకు,

రామ్ రామ్.

నేను 1989లో గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో రంగ్‌రూట్‌గా, అంటే శిక్షణకు చేరిన కొత్త సిపాయిగా, అడుగుపెట్టి, 26 ఏళ్లు తోపుఖానాలో, అంటే ఫిరంగి దళంలో, పనిచేసి, 2015లో హవల్దార్‌గానే ఇంటికి వచ్చినవాణ్ని. సుబేదారు దాకా ఎందుకు వెళ్లలేదో ఈ ఉత్తరం చదివితే కొంత మీకే అర్థమవుతుంది. ఇప్పుడు సికింద్రాబాద్ పక్కన యాప్రాల్‌లో ఉంటున్నాను. నెలకొకసారి క్యాంటీన్ సరుకుల కోసం, మోకాళ్లు మొరాయించినప్పుడు ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) మందుల కోసం వరసలో నిలబడుతుంటాను. ఆ వరసల్లో సెలవు మీద వచ్చిన కుర్రవాళ్లు కలుస్తారు. నల్లగొండ, పాలమూరు, శ్రీకాకుళం, అనంతపురం పిల్లలు. నా జుట్టు కత్తిరింపు చూసి నేనెవరో పోల్చుకుంటారు, పాదాలు కలిపి పలకరిస్తారు, కాసేపటికి మనసు విప్పుతారు. చలి గురించి, ఎత్తుల గురించి, శత్రువు గురించి వాళ్లు పెద్దగా చెప్పుకోరు. వాళ్ల భయం వేరే. "మా హవల్దార్ సాబ్ నా గురించి పైన ఏం చెప్పాడో తెలియడం లేదు అంకుల్" అని ఒకడు అన్నాడు. ఆ తర్వాత అదే మాటను వేర్వేరు పిల్లల నోట మరికొన్నిసార్లు విన్నాను. ఈ ఉత్తరం ఆ మాట వల్లనే రాస్తున్నాను.

అగ్నిపథ్ పథకాన్ని 2022 జూన్ 14న ప్రకటించారు. మూడు రోజుల తర్వాత, జూన్ 17న, ఆ పథకం వద్దన్న అల్లర్లలో మన సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు పెట్టెలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో వరంగల్ ప్రాంతపు యువకుడొకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. సెలవుకు వస్తూ పోతూ ఏ ప్లాట్‌ఫారం మీద నా పెట్టె మీదే తలపెట్టుకుని నిద్రపోయానో, అక్కడే ఆ పొగను టీవీలో చూశాను. పథకం మంచిదా చెడ్డదా అన్న వాదన ఇక్కడ ఎత్తను. నాకు అభిప్రాయం ఉంది, కానీ నా అభిప్రాయంతో గానీ మీ అభిప్రాయంతో గానీ నిమిత్తం లేకుండా ఆ పథకం కింద చేరిన పిల్లలు, అగ్నివీరులు, ఇప్పుడు మీ చేతి కింద ఉన్నారు. నాలుగేళ్ల కొలువు. ఆ తర్వాత ఒక్కో బృందంలో 25 శాతం వరకే స్థిరంగా ఉంటారు. 2022 చివర, 2023 మొదట్లో శిక్షణ కేంద్రాల్లో అడుగుపెట్టిన మొదటి బృందానికి ఆ నాలుగేళ్లు 2026 చివరికి, 2027 ఆరంభానికి నిండుతాయి. వాళ్లు పూర్తి సైనికులేనా అని మీలో ఎవరికైనా ఇంకా అనుమానముంటే, 2025 మే నెలలో నియంత్రణ రేఖ దగ్గర ప్రాణమిచ్చిన శ్రీ సత్యసాయి జిల్లా బిడ్డ మురళీ నాయక్ అగ్నివీరుడేనని గుర్తు చేసుకోండి.

మా కాలంలో జవాను గురించి హవల్దార్ ఒక చెడ్డ మాట చెబితే అది అతని బతుకును అంత తేలిగ్గా తిప్పేది కాదు. ఆ ఏడు కాకపోతే మరో ఏడు, ఆ హవల్దార్ కాకపోతే ఇంకో హవల్దార్. పదిహేనేళ్లు, పదిహేడేళ్లు చేతిలో ఉండేవి, మనిషి తన పేరును తానే కడుక్కునేవాడు. ఈ పిల్లలకు ఆ వ్యవధి లేదు. ఎవరిని ఉంచాలో తేల్చేటప్పుడు, పరుగులో ఎంత సమయం పట్టింది, ఫైరింగ్‌లో ఎన్ని తగిలాయి అన్నవి అంకెలు, వాటిని ఎవరూ మార్చలేరు. నడత ఎలాంటిది, నమ్మదగినవాడేనా, ఒత్తిడిలో నిలబడతాడా అన్న ప్రశ్నలు వచ్చినప్పుడు మార్కు వేసేది అధికారే అయినా, ఆ అధికారి చెవికి మొదట చేరేది రాత్రీ పగలూ ఆ పిల్లవాడితో కలిసి ఉండే మీ మాటే. నాయక్ నోటి మాటకు నా సర్వీసు మొత్తంలో ఇంత బరువు ఎన్నడూ లేదు. ఆ బరువు మీలో కొందరికి రుచిస్తోందని ఆ వరసల్లో నిలబడ్డప్పుడు నాకు అర్థమైంది, అదే నన్ను కలవరపెట్టింది.

ఎన్‌సీఓ, అంటే మీలాంటి చారల హోదా మనిషి, అసలు ఏమిటో నాకు బాగా తెలిసివచ్చింది 1999లో, కార్గిల్ యుద్ధంలో, ద్రాస్ వైపు. అప్పటికి నేను నాయక్‌ని. ఫైరు దిద్దే అధికారి ఎక్కడో గట్టు మీద పదాతి దళంతో ఉండేవాడు. లెక్కలు చూసే అధికారి కమాండ్ పోస్ట్‌లో ఉండేవాడు. మా గన్ను దగ్గరికి వచ్చేది వైర్‌లెస్‌లోనో లైన్ మీదనో ఒక గొంతు మాత్రమే. అవతలి నుంచి గుండ్లు పడుతున్నప్పుడు, గన్ను దగ్గర ఉన్న మనుషుల్లో ఎవరు లేవాలి, ఎవరు పడుకోవాలి, ఎవరి చేతులు వణుకుతున్నాయి, ఎవరిని పక్కకు తప్పించి ఫిరంగి మందు మోయడానికి పంపాలి అన్నది నిర్ణయించేది నంబర్ వన్, అంటే ఆ గన్నుకు పెద్ద అయిన హవల్దార్ ఒక్కడే. భుజం మీద నక్షత్రాలున్న మనిషి ఆ క్షణంలో అక్కడ ఉండడు. కార్గిల్ యుద్ధంలో తోపుఖానా రెండున్నర లక్షలకు పైగా గుండ్లు, బాంబులు, రాకెట్లు పేల్చిందని లెక్క చెబుతారు. ఆ లెక్కలో గన్నుల నుంచి వెళ్లిన ప్రతి గుండు వెనకా ఒక నంబర్ వన్ "రెడీ" అన్న మాట ఉంది. అతను రెడీ అంటే కమాండ్ పోస్ట్ మళ్లీ వచ్చి చూసుకోదు, నమ్ముతుంది.

ఆ నమ్మకాన్ని నేను ఒకసారి పాడు చేశాను. అది 1996, నాకు లాన్స్ నాయక్ చార వచ్చిన ఏడు, రాజస్థాన్‌లో ఫీల్డ్ ఫైరింగ్. మాది 105 ఎం.ఎం. ఫీల్డ్ గన్. తోపుఖానా బయటివారు కూడా ఇది చదువుతారేమో గనక చెబుతున్నాను: గుండు ఎంత దూరం పోవాలన్న దాన్ని బట్టి దాని వెనక పెట్టే మందు మారుతుంది. తక్కువ చార్జి, అంటే తక్కువ మందు, చెప్పినప్పుడు కేసులోంచి అక్కర్లేని మందు సంచులను తీసేయాలి, తీసినవాటిని నంబర్ వన్‌కు చూపాలి. ఆ రోజు ఎండ మండిపోతోంది, నంబర్ వన్ గురిచూసే సైటు దగ్గర ఏదో సర్దుతున్నాడు, చార్జి చూసే బాధ్యత నాకు అప్పగించాడు. కొత్త జవాను కేసు పట్టుకొచ్చాడు. నేను లోపలికి తొంగి చూడలేదు. "చెక్ చేశాను ఉస్తాద్" అన్నాను.

గుండు దూరం పోయింది. ఎంత దూరమంటే గట్టు మీద ఉన్న అధికారికి ముందు అసలు కనబడలేదు. రేంజి హద్దుల్లోనే ఎడారిలో ఎక్కడో పడింది, మనిషికి గానీ పశువుకు గానీ ఏమీ కాలేదు. గన్నులన్నీ ఆపేశారు. మా గన్నుల జట్టు (బ్యాటరీ) అధికారి అయిన బ్యాటరీ కమాండర్ జీపులో వచ్చి దిగి, చార్జి ఎవరు చూశారని అడిగాడు. ఆ జవాను నా వైపు చూశాడు. నేను నా బూట్ల వైపు చూసుకున్నాను. మా నంబర్ వన్, హర్యానా మనిషి, మాట్లాడితే తిట్టినట్టుండే మనిషి, ముందుకొచ్చి "గన్ను నాది సాబ్, చూడవలసింది నేను, చూడలేదు" అన్నాడు.

అతన్ని ఆర్డర్లీ రూమ్‌లో, అంటే అధికారి ఎదుట విచారణకు, నిలబెట్టారు. నాయబ్ సుబేదార్ ప్రమోషన్ బోర్డుకు సిద్ధమవుతున్న మనిషి, ఆ ఏడు అతని రికార్డులో ఎర్ర సిరా పడింది. నా మీద చెయ్యి ఎత్తలేదు, నోరూ ఎత్తలేదు. మర్నాటి నుంచి గన్ డ్రిల్‌లో ప్రతిసారీ తీసిన సంచులను నేను పైకి ఎత్తిపట్టి, మొత్తం డిటాచ్‌మెంట్, అంటే గన్ను బృందం, వినేలా ఒకటి, రెండు అని లెక్కపెట్టాలని చెప్పాడు. దాదాపు ఆరు నెలలు అలా లెక్కపెట్టాను. ఎగతాళిగా నవ్వినవాళ్లు ఉన్నారు. కానీ అతను నవ్వలేదు, ప్రతిసారీ నా వైపు తిరిగి చూసి, లెక్క విన్నాక తల ఊపేవాడు. నేను ఆ తర్వాత నంబర్ వన్ అయ్యాక, చూడకుండా "చూశాను" అన్న మాట నా నోట మళ్లీ రాలేదు.

గన్ను దగ్గర రాలేదు, అంతే. లైన్లలో, అంటే బ్యారకుల్లో, వచ్చింది. ఇది చెప్పడం మొదటి దానికంటే కష్టం, ఎందుకంటే అప్పటికి నాకు బుద్ధి వచ్చి ఉండాల్సింది.

నేను హవల్దార్ అయ్యాక, మా డిటాచ్‌మెంట్‌లో శ్రీకాకుళం జిల్లా కుర్రవాడొకడు ఉండేవాడు. చెల్లెలి పెళ్లికి పదిహేను రోజుల సెలవు కావాలని నా దగ్గరికొచ్చాడు. అప్పుడే యూనిట్ తనిఖీ ఉంది, మనుషులు తక్కువ, నా చేతి కింద ఇంకొకణ్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ అర్జీని నేను పైకి తీసుకుపోలేదు. రెండు రోజులు ఆగి, "సాబ్ ఒప్పుకోలేదు" అని చెప్పాను. ఎంత తేలికైన మాటో చూడండి. నిర్ణయం నాది, నింద అధికారిది, నష్టం కుర్రవాడిది. నాకు ఖర్చేమీ లేదు. పెళ్లి అయిపోయింది. ఆ తర్వాతి నెల సైనిక్ సమ్మేళనంలో కమాండింగ్ ఆఫీసర్ ఎవరికైనా ఏమైనా చెప్పుకోవలసింది ఉందా అని అడిగితే ఆ పిల్లవాడు లేచి నిలబడ్డాడు. చెల్లెలి పెళ్లికి సెలవెందుకు ఇవ్వలేదని మర్యాదగానే అడిగాడు. మా బ్యాటరీ కమాండర్ తలతిప్పి నా వైపు చూశాడు. ఆయనకు ఆ అర్జీ సంగతే తెలియదు.

నాకు పడిన శిక్ష గురించి చెప్పను, న్యాయమైనదే పడింది. చెప్పవలసింది ఆ తర్వాత జరిగింది. నేను ఏ ఆజ్ఞ ఇచ్చినా ఆ డిటాచ్‌మెంట్ చేసేది. ఒక్కడూ ఎదురు చెప్పలేదు, ఒక్కడూ ఆలస్యం చేయలేదు. కానీ "సాబ్ ఇలా అన్నారు" అని నేను చెప్పిన ప్రతిసారీ వాళ్ల కళ్లలో చిన్న అనుమానం కదిలేది, నిజంగా అన్నారా, ఇతనే అంటున్నాడా అని. ఆ చూపుతోనే నా మిగతా సర్వీసు గడిచింది.

కాబట్టి, తమ్ముళ్లారా, అధికారి పేరు చాటున నిలబడి మాట్లాడకండి. అధికారి కాదంటే కాదన్నారని చెప్పండి. మీరే పంపలేకపోతే, పంపలేనని, ఎందుకు పంపలేనో చెప్పండి. రెగ్యులర్ జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటే, అగ్నివీరుడికి ఏడాదికి 30 రోజులే. ఆ కొద్ది రోజుల మీద అబద్ధం చెప్పకండి. పై నుంచి వచ్చిన హుకుం మీకు నచ్చకపోయినా దాన్ని మీ హుకుంగానే చెప్పండి. "నేనైతే ఇలా చేయించను, సాబ్ చెప్పారు కాబట్టి" అంటూ పిల్లల ముందు మంచివాడనిపించుకునే నాయక్‌ను నేను చాలామందిని చూశాను. అతని మంచితనాన్ని పిల్లలు రెండు వారాలు మెచ్చుకుంటారు, మూడో వారం నుంచి అతని మాట వినడం మానేస్తారు.

ఇక రగడా సంగతి, అంటే శిక్ష పేరుతో ఒళ్లు హూనం చేయించడం. రంగ్‌రూట్‌గా నేనూ పడ్డాను. ఏప్రిల్ ఎండలో గోల్కొండ బండరాళ్లు కాలిపోతుంటే పిట్ఠూ (బరువు సంచి) వీపున వేసుకుని పరుగెత్తిన రోజులున్నాయి. కోట గోడ అవతల సిటీ బస్సు హారను వినబడుతుంటే, నల్లగొండకు రెండు గంటల దూరంలో ఉండి కూడా ఇంటికి పోలేని ఏడుపు ఏడ్చిన రోజులూ ఉన్నాయి. అదంతా నన్ను గట్టిపరచిందని చాలా ఏళ్లు చెప్పుకు తిరిగాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, నన్ను గట్టిపరచిన ఉస్తాద్‌లు మాతో పాటే పరుగెత్తినవాళ్లు. చెట్టు నీడన కూర్చుని మమ్మల్ని పరుగెత్తించినవాళ్ల పేర్లు కూడా గుర్తులేవు.

అయినా ఇది జ్ఞాపకాల విషయం కాదు, చట్టం విషయం. 1950 నాటి సైనిక చట్టాన్ని మీలో చాలామంది ప్రమోషన్ క్యాడర్‌లో పరీక్ష కోసం బట్టీపట్టి మరిచిపోయి ఉంటారు. ఆ చట్టంలో 41వ సెక్షన్ పై అధికారి ఆజ్ఞను ధిక్కరిస్తే శిక్ష గురించి చెబుతుంది, అది అందరికీ కంఠస్థం. కానీ అది కాపాడేది చట్టబద్ధమైన ఆజ్ఞను. మీ ఇంటి సామాను మోయమనో, మీ అప్పు తీర్చమనో చెప్పే మాటకు ఆ సెక్షన్ అండ లేదు. ఆరు సెక్షన్ల తర్వాత, 47లో, ఇంకో సంగతి ఉంది: అధికారి గానీ, జేసీఓ (సుబేదార్ వర్గం) గానీ, ఎన్‌సీఓ గానీ తన కింది వాడి మీద చెయ్యి చేసుకున్నా, మరో విధంగా హింసించినా, కోర్టు మార్షల్‌లో రుజువైతే ఏడేళ్ల వరకు జైలు. 80వ సెక్షన్ కింద విచారించి శిక్ష వేసే అధికారం కమాండింగ్ ఆఫీసర్‌కు, నియమం ప్రకారం ఆ అధికారం పొందిన ఇతర అధికారులకు ఉంది; ఆయన కూడా లైన్లకు కట్టడి చేయాలంటే 28 రోజులు మించకూడదు. నాయక్‌కు, హవల్దార్‌కు శిక్ష వేసే అధికారం చట్టంలో ఎక్కడా లేదు. తప్పు దిద్దే బాధ్యత ఉంది, నేరమైతే పైకి రిపోర్టు చేసే బాధ్యత ఉంది. ఈ రెండింటి మధ్య రాత్రి పదకొండు గంటలకు బ్యారక్ వెనక జరిగేది ఏదైనా మీ సొంత పూచీ మీద జరుగుతున్నదే. ఎవడైనా పిల్లవాడు స్పృహ తప్పి పడిపోయిన రోజున "రివాజు" అన్న మాట విచారణలో నిలవదు.

నేను మెతకదనం బోధించడం లేదు. కాపలా మీద నిద్రపోయినవాణ్ని, ఆయుధం లెక్క తప్పించినవాణ్ని, సెలవు గడువు దాటి ఇంట్లో కూర్చున్నవాణ్ని జాలిపడి దాచిపెట్టే హవల్దార్ కూడా నా దృష్టిలో అబద్ధాలకోరే, ఆ అబద్ధం ఇంకోరకం, అంతే. ఇవాళ దాచిన నిద్రకు రేపు ఎవరో ప్రాణం చెల్లిస్తారు. రిపోర్టు చేయండి. ఆర్డర్లీ రూమ్‌లో అతని పక్కన నిలబడి, తప్పు ఎంతో అంతే చెప్పండి. పాత కోపాలు కలిపి చెప్పకండి. అదే చట్టంలో 26వ సెక్షన్, తనకు అన్యాయం జరిగిందనుకున్న జవాను తన కంపెనీ లేదా బ్యాటరీ కమాండర్‌కు చెప్పుకోవచ్చునంటుంది. తమ మీద అలాంటి ఫిర్యాదు వెళ్తే, దాన్ని ద్రోహంగా తీసుకుని మిగతా నెలలంతా ఆ పిల్లవాడిని వేధించిన వాళ్లను నేను కళ్లారా చూశాను. శ్రీకాకుళం పిల్లవాడు లేచి అడిగిన రోజు నాకూ ఆ బుద్ధి పుట్టింది. పుట్టలేదని అబద్ధం చెప్పను.

భాష గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది మన తెలుగువాళ్లమే మన తెలుగు పిల్లలకు చేసే అన్యాయం. హైదరాబాద్ పాతబస్తీలోనో మల్కాజిగిరిలోనో పెరిగిన పిల్లవాడికి హిందీ ఎలాగో నడిచిపోతుంది, అతని "నక్కో", "హౌ" విని ఉత్తరాది ఉస్తాద్‌లు నవ్వుకున్నా అర్థం చేసుకుంటారు. శ్రీకాకుళం నుంచో ప్రకాశం జిల్లా నుంచో వచ్చిన పిల్లవాడికి ఆదేశం చెవిన పడటానికీ మనసులో తెలుగులోకి మారడానికీ మధ్య ఒక క్షణం పడుతుంది. డ్రిల్‌లో ఆ క్షణం చాలు, అందరి కాళ్లూ తిరిగాక అతని కాలు తిరుగుతుంది. దాన్ని చూసి "వీడికి బుర్ర లేదు సాబ్" అని మనవాడే, పదేళ్ల క్రితం అదే అవస్థ పడిన మన హవల్దారే, అధికారికి చెబుతున్నాడు. బుర్ర లేకపోవడం వేరు, భాష రాకపోవడం వేరు. మొదటిది మీరు బాగు చేయలేరు, రెండోది ఆరు వారాల్లో బాగు చేయగలరు. నాకు హిందీ నేర్పింది లంగర్ వంటశాలలో రొట్టెలు చేసే బిహారీ వంటవాడు. పప్పు వడ్డిస్తూ రోజుకు పది మాటలు చెప్పేవాడు, మర్నాడు అప్పజెప్పకపోతే రెండో రొట్టె ఇచ్చేవాడు కాదు.

ఫోన్ల గురించి ఎక్కువ రాయను. రహస్యాలు లాగడానికి ముక్కూమొహం తెలియని ఆడపేరుతో పలకరింపులు వచ్చినప్పుడు జవాను ఎవరికి చెబుతాడన్నదే అసలు ప్రశ్న. మీకు చెబితే తిడతారనుకుంటే ఎవరికీ చెప్పడు, ఆ తర్వాత సంగతి మీ చేతులు దాటిపోతుంది.

పెద్ద పెద్ద పేర్లు మనకూ ఉన్నాయి. 1948 ఫిబ్రవరి 6న నౌషేరా దగ్గర తైన్‌ధార్ మీద తొమ్మిదిమందితో పోస్టు కాపాడుతూ నేలకొరిగి పరమవీర చక్ర పొందిన జదునాథ్ సింగ్ హోదా నాయక్. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దగ్గర జీపు మీది రికాయిల్‌లెస్ గన్నుతో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను బద్దలుకొట్టిన అబ్దుల్ హమీద్ హోదా కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్, అంటే మామూలు రోజుల్లో రేషన్లు, సామాను లెక్కలు చూసుకునే హోదా. వాళ్ల బొమ్మలు ప్రతి యూనిట్‌లోనూ గోడల మీద ఉంటాయి. ఆ బొమ్మల కింద నిలబడి రేషన్ లెక్కలో కిలో పప్పు తప్పు రాసిన వాళ్లనూ నేను చూశాను. అలాంటి ధైర్యం చూపే రోజు మీకు వస్తుందో రాదో ఎవరు చెప్పగలరు, నాకైతే ఆ స్థాయిలో రాలేదు. లెక్క సరిగా రాయవలసిన రోజు మాత్రం ప్రతి రోజూ వస్తుంది.

ఇప్పుడు నా అభ్యర్థన. మీ కింద ఉన్న ప్రతి అగ్నివీరుడి గురించి మీరు అధికారికి ఏ మాట చెప్పబోతున్నారో, ఆ మాటను ముందు అతనితో చెప్పండి. నాలుగో ఏడు చివర్లో చెబితే లాభం లేదు. రెండో ఏడులోనే, మూడో ఏడులోనే, దిద్దుకునే వ్యవధి ఉన్నప్పుడే చెప్పండి. గన్ను శుభ్రం చేసే సాయంత్రం చాలు, వేరే కచేరీ పెట్టనక్కర్లేదు. "నీ డ్రిల్ బాగుంది. మ్యాప్ చదవడం రాదు, నిన్నటి రాత్రి కదలికలో దారి తప్పించావు. తోటివాడు అడిగితే సాయం చేయవు, అది నాకు నచ్చలేదు, అడిగితే సాబ్‌కు ఇదే చెబుతాను" అని అతని కళ్లలోకి చూసి చెప్పండి. చిన్న నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. మళ్లీ మూడు నెలలకు అదే పేజీ తీసి, మారిందా లేదా చూడండి, మారితే మారిందని కూడా చెప్పండి. అతని ఎదుట చెప్పలేని మాట ఏదైనా మీ మనసులో ఉంటే, అది అతని గురించిన నిజమా, మీకు అతని మీద ఉన్న కోపమా అని ఒకసారి తేల్చుకోండి. ఊరు, కులం, యాస, మీ బట్టలు ఉతకనన్నాడన్న కక్ష, ఇవన్నీ ఎదుట నిలబడి చెప్పబోతే గొంతులో అడ్డం పడతాయి. పడనివ్వండి.

నలుగురిలో ముగ్గురైనా వెనక్కి వస్తారు. సేవానిధి కింద దాదాపు 11 లక్షల 71 వేల రూపాయలు చేతికొస్తాయి, 22, 24 ఏళ్ల వయసు ఉంటుంది. వాళ్లలో చాలామంది గచ్చిబౌలి కంపెనీల గేట్ల దగ్గర కాపలాదారులుగా, పోలీసు నియామకాల పరుగు పందేల్లో, పరేడ్ గ్రౌండ్స్‌లో తెల్లవారుజామున సాధన చేసే తమ్ముళ్ల పక్కన కనబడతారు. ఎందుకు వెనక్కి వచ్చావని ఊళ్లో అడుగుతారు. నా మార్కులు ఇంత, ఫలానా దాంట్లో వెనకబడ్డాను, మా హవల్దార్ ఏడాది ముందే చెప్పాడు అనగలిగిన పిల్లవాడు ఆ ప్రశ్నను మోయగలడు. ఎందుకో తెలియదన్నా అని తల దించుకునే పిల్లవాడు ఎన్నాళ్లు మోస్తాడో చెప్పలేను.

అధికారులు ఎవరైనా ఇది చదివితే, వారికి ఒకే మనవి. హవల్దార్ వచ్చి "ఫలానావాడు పనికిరాడు సాబ్" అన్నప్పుడు, ఆ సంగతి అతనికి చెప్పావా, ఎప్పుడు చెప్పావు, అతనేమన్నాడు అని అడగండి. మా బ్యాటరీ కమాండర్ ఆ రోజుల్లో నన్ను ఇలాంటి ప్రశ్న ఒక్కటి అడిగి ఉంటే, ఆ పెళ్లి సెలవు కాగితం నా జేబులో రెండు రోజులు నలిగేది కాదు.

ఆ శ్రీకాకుళం పిల్లవాడు 2019లో తిరుమలగిరిలో క్యాంటీన్ వరసలో కలిశాడు. పిల్లవాడు కాదిప్పుడు, కణతల దగ్గర జుట్టు నెరిసింది, నాకంటే పైకి ఎదిగి నాయబ్ సుబేదార్ అయ్యాడు. నేను ముందు సెల్యూట్ చేశాను, చేయాలి కదా. అతను బదులిచ్చి, "రామ్ రామ్ హవల్దార్ సాబ్, ఆరోగ్యం బాగుందా" అన్నాడు. చెల్లెలికి ఎంతమంది పిల్లలని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేకపోయాను. వరస ముందుకు కదిలింది.

ఇట్లు,
తోపుఖానా మాజీ హవల్దార్ ఒకరు,
యాప్రాల్, సికింద్రాబాద్.